గేమ్స్ పీరియడ్ మాకు వదిలేయండి

సంపాదకులకు నమస్కారం. నేను పల్నాడు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి చదువుతున్నాను. పరీక్షలంటే భయం లేదని కాదు, ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు, అందులో సైన్సు ఒక్కటే ఫిజికల్ సైన్సు 50, బయాలజీ 50 అని రెండు రోజులు రాయాలి, టెన్షన్ ఉంటుంది. కానీ ఆ పేరు చెప్పి దసరా సెలవులు అయిన దగ్గర్నుంచి మా టైంటేబుల్లో గేమ్స్ పీరియడ్ పేరుకే మిగిలింది. బెల్లు కొట్టగానే లెక్కల సారు సుద్దముక్కతో హాజరు! సారు మంచివారే, మా కోసమే ఆయన ఆరాటం, కాదనను. వాలీబాల్ నెట్టు మాత్రం స్టాఫ్ రూమ్ బీరువా మీద దుమ్ము కొట్టుకుపోయి ఉంది.

సాయంత్రం స్టడీ అవర్ అయ్యేసరికి చీకటి పడుతుంది, మా ఊరి పల్లెవెలుగు బస్సు అప్పటికే వెళ్లిపోతుంది, ఇక షేర్ ఆటోలో బ్యాగులు ఒళ్లో పెట్టుకుని ఒకరి మీద ఒకరం ఇరుక్కుని పోవాల్సిందే. 2025 ఆగస్టు 15 నుంచి మా ఆడపిల్లలకు బస్సు ఉచితమే, అసలు బస్సే లేకపోతే ఆ ఉచితం ఏం చేసుకోవాలి? ఇంటికెళ్తే అమ్మ ఫోన్ పక్కన పడేసి చదువుకోమంటుంది, హోంవర్కేమో వాట్సాప్ గ్రూపులోనే వస్తుంది.

డిపో వాళ్లు ఆ ట్రిప్పు అరగంట ఆలస్యంగా నడపాలి, లేదంటే బడి వాళ్లు స్టడీ అవర్ పొద్దున పెట్టాలి. గేమ్స్ పీరియడ్ వారానికి ఒక్కటైనా మాకు వదిలేయండి.

- ఒక పదో తరగతి విద్యార్థిని, పల్నాడు జిల్లా