సిస్టమ్ సూటబిలిటీ సెటప్ పిల్లలకి ఎవరు నేర్పుతున్నారు?

ఎడిటర్ గారికి నమస్కారం,

మన దగ్గరి ఫార్మా కంపెనీకి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నుంచి వార్నింగ్ లెటర్ వస్తే షేర్ ఎంత పడిందో మీ బిజినెస్ పేజీలో రాస్తారు, ల్యాబ్‌లో తేడా ఎక్కడ మొదలవుతుందో మాత్రం రాయరు. నేను జీడిమెట్ల వైపు క్యూసీలో, అంటే మందుల నాణ్యత పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాను, ఫ్రెషర్స్ ఇంటర్వ్యూలు కూడా చూస్తాను, అందుకే ఈ ఉత్తరం.

హెచ్‌పీఎల్‌సీలో, అంటే మందులో ఏముందో ఎంతుందో విడదీసి కొలిచే మెషీన్‌లో, మందు శాంపిల్ పెట్టే ముందు స్టాండర్డ్ (ఎంతుందో ముందే తెలిసిన నమూనా) ఇంజెక్ట్ చేసి మెషీన్, కాలమ్ (పదార్థాల్ని విడదీసే గొట్టం), మొబైల్ ఫేజ్ (అందులో పారే ద్రావకం) అన్నీ కలిసి ఆ రోజు సరిగ్గా పనిచేస్తున్నాయా అని చూస్తాం, రైతుబజార్‌లో తూకానికి ముందు కాటా ముల్లు చూసుకున్నట్టు. అదే సిస్టమ్ సూటబిలిటీ. టెయిలింగ్ (గ్రాఫ్‌లో వచ్చే పీక్, అంటే శిఖరం, తోక ఎంత సాగిందో), రిజల్యూషన్ (రెండు పీక్‌లు ఎంత విడిపోయాయో), ప్లేట్ కౌంట్ (కాలమ్ ఎంత బాగా విడదీస్తోందో) అంటే ఎంఫార్మసీ పిల్లలు ఫార్ములాతో సహా గడగడా చెప్పేస్తారు. వీటి లిమిట్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడ పెడతావమ్మా అంటే మాత్రం "ప్రింట్ తీసి చూస్తాం సార్" అంటారు.

ప్రింట్ తీసేసరికి తెల్లారిపోతుంది కదా. నైట్ షిఫ్ట్‌లో సీక్వెన్స్ (వరసగా నడవాల్సిన ఇంజెక్షన్ల జాబితా) పెట్టేసి వెళ్తారు, మొదటి స్టాండర్డ్‌లోనే టెయిలింగ్ 2 దాటిందనుకోండి, ఆగమని ఎవరూ చెప్పలేదు కాబట్టి మెషీన్ శాంపిళ్లన్నీ వరసగా లాగించేస్తుంది, అసిటోనైట్రైల్ అనే ద్రావకం డబ్బులు డ్రెయిన్‌లో పోతాయి, అది పోతే పోనీ, పొద్దున వచ్చినవాడికి ఇంటిగ్రేషన్ (పీక్ వైశాల్యం లెక్క) కాస్త సర్దితే పాసవుతుందేమో అన్న బుద్ధి పుడుతుంది చూడండి, అసలు గొడవంతా అక్కడే.

హెచ్‌పీఎల్‌సీని నడిపే ఎంపవర్ సాఫ్ట్‌వేర్‌లో దీనికి దారి ఉంది. లెక్కలు ఎలా వేయాలో చెప్పే ప్రాసెసింగ్ మెథడ్‌లో సూటబిలిటీ ఆన్ చేసి, వాయిడ్ టైమ్, అంటే కాలమ్‌లో ఆగని పదార్థం బయటికొచ్చే సమయం ఇచ్చి (ఇవ్వకపోతే మందు కాలమ్‌లో ఎంత నిలిచిందో చెప్పే కె ప్రైమ్ రాదు), ఒక్కో పీక్‌కి లిమిట్లు పెట్టి, రన్ చేసేటప్పుడు సూటబిలిటీ మోడ్‌ని స్టాప్ ఆన్ ఫాల్ట్‌లో పెట్టాలి. చాలామంది కంటిన్యూ ఆన్ ఫాల్ట్‌లోనే వదిలేస్తారు. ఇంకొందరు రన్ ఓన్లీ కొడతారు, అప్పుడు ప్రాసెసింగే జరగదు, ఫెయిలైందని సాఫ్ట్‌వేర్‌కి తెలిసేదెలా? ఆర్‌ఎస్‌డీ (ఇంజెక్షన్‌కీ ఇంజెక్షన్‌కీ మధ్య తేడా శాతం) ఇంకో తిరకాసు, అది ఒక్క ఇంజెక్షన్ లెక్క కాదు, కొన్ని కలిపి చూసేది, అమెరికా మందుల ప్రమాణాల గ్రంథం యూఎస్‌పీలోని 621 అధ్యాయం ప్రకారం లిమిట్ 2.0 శాతం లేదా తక్కువైతే ఐదు ఇంజెక్షన్లు, ఎక్కువైతే ఆరు, కాబట్టి దానికి విడిగా కస్టమ్ ఫీల్డ్ (మనం రాసుకునే సొంత లెక్క) రాసుకోవాలి. క్రోమీలియన్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ఇదే పనికి ఎస్ఎస్‌టీ (సిస్టమ్ సూటబిలిటీ టెస్ట్) ట్యాబ్ ఉంది, ఫెయిలైతే రన్ ఆపేయమని అక్కడే చెప్పొచ్చు.

ఫార్ములా సంగతి కూడా చూడాలి. 2022 డిసెంబర్ 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త 621లో ప్లేట్ కౌంట్, రిజల్యూషన్ పీక్ సగం ఎత్తులో ఉన్న వెడల్పుతో లెక్కేస్తారు. పాత టెంప్లేట్‌లో పీక్ అడుగున ఉన్న వెడల్పు లెక్కే ఉండిపోతే, తోక ఉన్న పీక్‌కి రెండు లెక్కలూ వేరే నంబర్లు ఇస్తాయి, ఏది పాస్ అని ల్యాబ్‌లో పంచాయితీ.

ఇంకొకటి, టెస్ట్ చేయాల్సిన బ్యాచ్ శాంపిల్‌నే ముందు "ట్రయల్" అని కొట్టి చూడటం. 2018 డిసెంబర్‌లో ఎఫ్‌డీఏ ఇచ్చిన డేటా ఇంటిగ్రిటీ (రికార్డుల నిజాయితీ) గైడెన్స్‌లో దీనికి ప్రత్యేకంగా ఒక ప్రశ్న, జవాబే ఉన్నాయి. సూటబిలిటీకి శాంపిల్ వాడాల్సి వస్తే అది వేరే బ్యాచ్‌ది, ముందే క్యారెక్టరైజ్ చేసిన (గుణాలు పరీక్షించి తేల్చిన) సెకండరీ స్టాండర్డ్ అయ్యుండాలి, రాతపూర్వక ప్రొసీజర్ ఉండాలి అంది. ఈ ముక్క తెలిసిన ఫ్రెషర్ నాకు అరుదుగా తగులుతున్నాడు.

అమీర్‌పేట, కూకట్‌పల్లిల్లో ఫీజు కట్టించుకుని హెచ్‌పీఎల్‌సీ నేర్పేవాళ్లు ఇంజెక్షన్ కొట్టి క్రోమటోగ్రామ్ (పీక్‌ల గ్రాఫ్) చూపించి సర్టిఫికెట్ ఇచ్చేస్తున్నారు. కాలేజీలకి లైసెన్స్ ఖర్చు కష్టమే, కాదనను. కనీసం ఒక లైసెన్స్ మీద, పాడైపోయిన పాత కాలమ్ పెట్టి, లిమిట్ దాటగానే రన్ ఎలా ఆగుతుందో ఒక్కసారి చూపించమనండి. మీ చదువు పేజీలో ఈ విషయం మీద ఎవరైనా క్యూఏ (నాణ్యత హామీ విభాగం) వాళ్లతో రాయిస్తే బాగుంటుంది, అడ్మిషన్ల సీజన్‌కి ముందు వేస్తే ఇంకా మంచిది.

— ఒక క్యూసీ ఉద్యోగి, జీడిమెట్ల, హైదరాబాద్