ఆరు గంటల డిస్క్ ఆశ వద్దు

సంపాదకులకు నమస్కారం.

పాత వీడియో క్యాసెట్లను డీవీడీ రికార్డర్‌తో డిస్కుల్లోకి ఎక్కించుకోవడం గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. చాలామందికి పనికొచ్చే విషయమే, కానీ ఒక్కో డిస్క్‌లో ఆరు గంటలు ఎక్కిస్తే డిస్కులు కలిసొస్తాయన్న సలహా చూసి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. దయచేసి అది సరిచేసి వేయండి. కలిసొచ్చేది ఒకటో రెండో ఖాళీ డిస్కులు, పోయేది మాత్రం బొమ్మ. ఆ డిస్క్‌ని నమ్ముకుని ఇంట్లోవాళ్లు క్యాసెట్ పారేశారంటే ఇక చేయగలిగిందేమీ ఉండదు.

మామూలు డిస్క్‌లో పట్టేది 4.7 గిగాబైట్లే. గంట పెట్టినా ఆరు గంటలు పెట్టినా అందులోనే సర్దాలి. ఎస్‌పీ అనే రెండు గంటల మోడ్‌లో ఒక్కో సెకను బొమ్మకు సుమారు 5 మెగాబిట్ల చోటు దక్కుతుంది, నాలుగు గంటల ఎల్‌పీలో అందులో సగం, ఆరు గంటల ఈపీలో రెండు కూడా రావు. "వీహెచ్‌ఎస్ (మన ఇళ్లలో ఉండే మామూలు వీడియో క్యాసెట్) బొమ్మ ఎలాగూ అంతంతమాత్రమే కదా, దానికి ఇంత ఎందుకు" అని అందరూ అడుగుతారు, వినడానికి సబబుగానే ఉంటుంది. వీహెచ్‌ఎస్‌లో అడ్డంగా కనిపించే వివరం 240 గీతల దరిదాపుల్లోనే ఉంటుంది, రంగుల వివరమైతే ఇంకా తక్కువ, అదీ నిజమే. కానీ ఇక్కడ అసలు చిక్కు వివరంతో కాదు, టేపు బొమ్మలో మిణికే సన్నటి చుక్కలతో.

బొమ్మను కుదించడానికి డీవీడీ వాడే ఎంపెగ్-2 పద్ధతి ప్రతి ఫ్రేమునూ, అంటే వీడియోలోని ఒక్కో నిశ్చల బొమ్మనూ, పూర్తిగా దాచదు. కొన్ని ఫ్రేములను పూర్తిగా దాచి, మిగతావాటిలో ముందువెనకల ఫ్రేములతో పోలిస్తే ఏం మారిందో అది మాత్రమే రాసుకుంటుంది. శుభ్రమైన బొమ్మలో వెనకున్న గోడ కదలదు కాబట్టి దానికి దాదాపు ఏ ఖర్చూ లేదు. అదే పాత టేపులో ఆ గోడ మీద సన్నటి చుక్కలు క్షణక్షణం మారుతూ మిణుకుమిణుకుమంటూనే ఉంటాయి, మన కంటికి అది అలవాటైపోయిన గరుకుతనం, రికార్డర్‌కు మాత్రం గోడంతా కదులుతున్నట్టే లెక్క. ఉన్న కాసిని బిట్లనూ ఆ చుక్కల మీదే తగలేసి ముఖాలకు, చేతులకు మిగల్చదు. దానికి తోడు చేత్తో పట్టుకుని తీసిన వీడియో అయితే కెమెరా కూడా ఊగుతుంటుంది. అందుకే టీవీ ప్రసారం నుంచి నేరుగా ఎక్కించిన కార్యక్రమం నాలుగు గంటల మోడ్‌లో చక్కగా కనిపిస్తే, అదే మోడ్‌లో పెళ్లి క్యాసెట్ గళ్లుగళ్లుగా విడిపోతుంది. బొమ్మ తక్కువరకం కాబట్టి తక్కువ చోటు చాలుతుందనుకుంటాం, కానీ దానికే ఎక్కువ కావాలి.

నాలుగు గంటల మోడ్‌లో చాలా రికార్డర్లు బొమ్మ వెడల్పును 720 పిక్సెళ్ల నుంచి 352కి తగ్గించేస్తాయి. వీహెచ్‌ఎస్‌కు అది పెద్ద నష్టం కాదు, పైగా గళ్లు కొంత తగ్గుతాయి, కాబట్టి మరీ తప్పనిసరైతే అక్కడిదాకా వెళ్లొచ్చు. ఆరు గంటల మోడ్‌లో మాత్రం చాలా మోడళ్లు నిలువులో కూడా సగం గీతలు కోసేస్తాయి. వీడియోలో ఒక్కో ఫ్రేము రెండు ఫీల్డులుగా, అంటే గీత విడిచి గీత తీసుకున్న రెండు సగాలుగా, ఉంటుంది కదా, అందులో ఒకటి పోతుంది. అంటే సెకనుకు 50 కదలికలు ఉండాల్సిన చోట 25 మిగులుతాయి, పిల్లలు పరిగెత్తడం, డాన్సులు, కెమెరా పక్కకు తిప్పడం అన్నీ కుదుపులుకుదుపులుగా వస్తాయి. ఒకసారి అలా ఎక్కాక ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తిరిగి తేలేదు. క్యాసెట్ రెండు గంటలు దాటి రెండున్నర ఉందనుకోండి, కొన్ని రికార్డర్లలో సమయానికి సరిపడా మోడ్‌ను అదే లెక్కకట్టుకునే ఏర్పాటు ఉంటుంది, అది వాడండి. లేదంటే రెండు డిస్కులు చేసుకోండి.

రికార్డర్ కంటే ముందు చూడాల్సింది క్యాసెట్ నడిపే వీసీఆర్‌ని. మీ వ్యాసంలో దాని ఊసే లేదు. టేపు సాగినా, టేపును చదివే హెడ్లున్న డ్రమ్ తిరుగుడులో కాస్త తేడా వచ్చినా ఒక్కో గీత రవ్వంత ముందో వెనకో మొదలవుతుంది. పాత పెట్టె టీవీలు దీన్ని సర్దుకుపోయేవి, డిజిటల్ యంత్రం సర్దుకోదు. తలుపు అంచులు అలల్లా ఊగడం, బొమ్మ పైభాగం ఒక పక్కకు వంగిపోవడం అందుకే. దీన్ని సరిచేసేది టైమ్ బేస్ కరెక్టర్, ఎస్-వీహెచ్‌ఎస్ అనే మెరుగైన రకం వీసీఆర్లలో మంచివి కొన్నింటిలో లోపలే ఉంటుంది. పానాసోనిక్ ఈఎస్10, ఈఎస్15 లాంటి కొన్ని డీవీడీ రికార్డర్లు కూడా ఈ పైవంపును బాగా సరిచేస్తాయని టేపుల పని చేసేవాళ్లలో పేరుంది, వాటిని రికార్డింగ్‌కు కాకుండా మధ్యలో పెట్టి సిగ్నల్ దాటించడానికే వాడేవాళ్లు ఉన్నారు.

ఇంకో విషయానికి కూడా చాలామంది టెన్షన్ పడతారు. సొంత ఇంటి క్యాసెట్ పెట్టినా "కాపీ చేయడానికి వీల్లేదు" అని రికార్డర్ ఆగిపోతుంది. క్యాసెట్‌కు ఏ తాళమూ లేదు, అరిగిన టేపు నుంచి వచ్చే అస్థిరమైన సిగ్నల్‌ని చూసి కాపీ నిరోధక సంకేతమని యంత్రం పొరబడుతుంది, అంతే. సిగ్నల్ సరిచేసే పరికరం మధ్యలో ఉంటే చాలాసార్లు ఇది కూడా పోతుంది. బొమ్మ అడుగున సన్నగా వణికే పట్టీ అయితే లోపం కానే కాదు, వీసీఆర్ ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కు మారే చోటు అది, పాత టీవీలు అంచులు కోసి చూపించేవి కాబట్టి మనకు కనపడలేదు.

వీసీఆర్‌లో షార్ప్‌నెస్ పెంచే మీట ఉంటే తగ్గించేయండి. అది వివరం పెంచదు, చుక్కలకు పదును పెడుతుంది, మళ్లీ ఆ భారమంతా రికార్డర్ మీదే. ఎస్-వీడియో సాకెట్ రెండువైపులా ఉంటే పసుపు పిన్ను బదులు అదే వాడండి, వెలుగునీ రంగునీ కలపకుండా విడివిడిగా పంపుతుంది. టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం ముందు శుభ్రం చేయించాలి, అలాగే పెడితే హెడ్లు పాడై తర్వాత పెట్టే క్యాసెట్లకూ అంటుకుంటుంది.

డిస్క్ తయారయ్యాక ఫైనలైజ్ చేసి (వేరే ప్లేయర్లలో కూడా ఆడేలా ముగించి), వేరే ప్లేయర్‌లో మొదలు, మధ్య, చివర వేసి చూడండి. బాగాలేదనిపిస్తే అదే టీవీకి వీసీఆర్‌ని నేరుగా తగిలించి పోల్చండి, తప్పు టేపుదా డిస్క్‌దా అప్పుడే తేలుతుంది. అంతా బాగున్నా క్యాసెట్‌ని పారేయకండి. వీసీఆర్లు తయారుచేస్తున్న చివరి కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016 జులైలో ఆపేసింది. ఇప్పుడు ఉన్నవన్నీ పాతవే, హెడ్లు అరుగుతూనే ఉంటాయి. కాబట్టి ఏ క్యాసెట్ పోతే మళ్లీ దొరకదో దాన్ని యంత్రం బాగున్నప్పుడే, రెండు గంటల మోడ్‌లో ముందు ఎక్కించుకోండి, టీవీ నుంచి పట్టుకున్న సినిమాలు తర్వాత చూసుకోవచ్చు.

ఇట్లు,
మీ పాఠకుడు