ఆదివారం మా ఇంట్లో హిల్ స్ట్రీట్ బ్లూస్

అందరికీ నమస్కారం. అమ్మాయి అమెరికా నుంచి హిల్ స్ట్రీట్ బ్లూస్ డీవీడీలు తెచ్చింది. 1981 నుంచి 1987 దాకా అక్కడి ఎన్‌బీసీ టీవీ ఛానల్‌లో వచ్చిన పోలీసు సీరియల్, మొత్తం 146 ఎపిసోడ్లు. రీజియన్ 1 డిస్కులు కదా, అంటే అమెరికా వైపు ప్లేయర్లకోసం చేసినవి, మా ప్లేయర్‌లో ఆడలేదు. జగదాంబ దగ్గర అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ దొరికింది.

సీరియల్‌లో పొద్దున్నే పోలీసు స్టేషన్‌లో హాజరు, ఒకరి మాట మీద ఇంకొకరి మాట, ఆ ఇరుకులో భుజాలు తగులుతున్నట్టు తిరిగే కెమెరా. హాజరు చివర్లో సార్జెంట్ ఎస్టర్‌హాస్ వేలు చూపిస్తూ, బయట జాగ్రత్త అని చెప్పి పంపుతాడు. ఆ పాత్ర వేసిన మైకేల్ కాన్రాడ్ 1983లో, సీరియల్ నడుస్తుండగానే పోయారు. ఇప్పుడు ఆ మాట వింటుంటే గుండె బరువెక్కుతోంది.

ఆదివారం సాయంత్రం ఆరింటికి ఎంవీపీ కాలనీ రండి, మొదటి రెండు ఎపిసోడ్లు చూద్దాం. వచ్చేవాళ్లు శనివారంలోగా చెప్పండి, కుర్చీలు చూసుకోవాలి.