అన్నయ్యకి రెండో ఆపరేషన్ తప్పింది, అందరికీ పేరుపేరునా థాంక్స్

ఎన్నాళ్ళ నుంచో రాద్దామనుకుంటున్నా, ఫోన్ తీస్తే కళ్ళల్లో నీళ్ళొచ్చి పక్కన పెట్టేస్తున్నా. నిన్న కొత్త ఎంఆర్ఐ వచ్చింది, వాపు బాగా తగ్గింది, ఇక ఇవాళ రాయాల్సిందే.

తెలియని వాళ్ళకి చెప్తా, మా అన్నయ్యకి మెదడులో గడ్డ, గ్రేడ్ 3 ఆస్ట్రోసైటోమా అనే రకం మెదడు క్యాన్సర్. ఆపరేషన్, 30 సిట్టింగులు రేడియేషన్, కీమో మాత్రలు అన్నీ అయిపోయి ఇంకేం లేదులే అనుకుంటుంటే సంక్రాంతి తర్వాత ఎడమ చెయ్యి పట్టు తప్పింది, చొక్కా గుండీలకి కూడా వదినని పిలవాల్సొచ్చింది. ఎంఆర్ఐ తీస్తే ఆపరేషన్ చేసిన చోటే తెల్లగా మెరుస్తోంది. గడ్డ మళ్ళీ వచ్చింది, ఇంకోసారి తల తెరవాలన్నారు. ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు.

అన్నయ్య టెన్త్ బ్యాచ్ గ్రూప్‌లో రిపోర్ట్ పెడితే, వాళ్ళలో ఒకరి చెల్లెలు రేడియాలజీ చదువుతోందంట, అర్ధరాత్రి ఫోన్ చేసింది. అక్కా, కోయించేముందు ఒక్కసారి డోపా పెట్ స్కాన్ తీయించండి, రేడియేషన్‌కి చచ్చిపోయిన కణజాలం కూడా ఎంఆర్ఐలో గడ్డలాగే మెరుస్తుంది అని. మామూలు పెట్ ఎందుకు పనికిరాదంటే, దాంట్లో ఇచ్చేది చక్కెర లాంటి మందు, మెదడు ఎలాగూ చక్కెర తింటూనే ఉంటుంది కాబట్టి అంతా వెలుగుతుంది, గడ్డ ఏదో తేలడం కష్టం. డోపాలో ఇచ్చేది అమైనో ఆమ్లం, దాన్ని గడ్డ కణాలు ఎక్కువ లాక్కుంటాయి, చచ్చిన కణాలు అంతగా తీసుకోవు. ఇంత సింపుల్‌గా మాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు తల్లీ, నువ్వు పెద్ద డాక్టరువి కావాలి.

ఆ మందు సైక్లోట్రాన్ అనే పెద్ద మెషీన్ సాయంతో ఏ రోజుకారోజే తయారవుతుంది, దాంట్లోని రేడియోధార్మికత 110 నిమిషాలకోసారి సగం అయిపోతుంది, అంటే మనం లేటైతే అది మనకోసం ఆగదు. మేము సూర్యాపేట నుంచి తెల్లారి 4కే బయల్దేరాం, హయత్‌నగర్ దగ్గర లారీ అడ్డం పడి ట్రాఫిక్ మొత్తం ఆగిపోయింది, అన్నయ్యేమో ఏమీ తినకుండా ఖాళీ కడుపుతో. స్కాన్ సెంటర్ టెక్నీషియన్ అన్న మూడుసార్లు ఫోన్ చేసి, మీరు కంగారు పడకండి, తర్వాతి పేషెంట్‌ని ముందు పంపిస్తా, మీ డోస్ సర్దుతా అన్నాడు. కసురుకుంటాడనుకున్నా, నిజంగా. బావ అయితే స్టీరింగ్ వదల్లేదు, టీ కూడా తాగలేదు.

సాయంత్రం న్యూక్లియర్ మెడిసిన్ డాక్టర్ గారు మమ్మల్ని కూర్చోబెట్టుకుని స్క్రీన్ మీద చూపించారు. మధ్యలో రెండు పక్కలా కామాల్లాంటి మచ్చలు వెలుగుతున్నాయి, అమ్మ వాటిని చూసి భయపడిపోయింది. అవి అందరికీ ఉంటాయమ్మా, నాకూ ఉంటాయి, మీవాడి ఆపరేషన్ చోటుని వీటితో పోల్చి చూడాలి, చూడండి ఎంత మసగ్గా ఉందో అన్నారు. రేడియేషన్ నెక్రోసిస్, అంటే రేడియేషన్‌కి చచ్చిపోయిన కణజాలమే అనుకుంటున్నాం, అలాగని ఇది నూటికి నూరుపాళ్ళు కాదు, మూడు నెలలకి మళ్ళీ ఎంఆర్ఐ చూద్దాం అని కూడా అన్నారు. ఆ మాట దాచకుండా చెప్పినందుకే నాకు ఆయన మీద ఎక్కువ నమ్మకం కుదిరింది.

తర్వాత వాపు తగ్గడానికి డెక్సా అనే స్టెరాయిడ్, బెవాసిజుమాబ్ ఇంజెక్షన్లు. డెక్సాకి మొహం ఉబ్బింది, షుగర్ పెరిగింది, ఆకలికి రాత్రి ఒంటిగంటకి ఫ్రిజ్ తెరిచేవాడు. కానీ చెయ్యి తిరిగొచ్చింది. పొద్దున గుండీలు తనే పెట్టుకున్నాడు, ఒకటి కిందా మీదా అయింది, వదిన సరిచేయబోతే వద్దన్నాడు.

టెన్త్ బ్యాచ్ అన్నలకి, ఇంజెక్షన్ల డబ్బు ఎవరెంత వేశారో లెక్క చెప్పనివ్వలేదు మీరు, అందుకే పేర్లు రాయట్లేదు. దిల్‌సుఖ్‌నగర్ అత్తయ్యా, ఆ నాలుగు రోజులు అన్నం పంపిన స్టీల్ క్యారేజీ మా దగ్గరే ఉండిపోయింది, ఆదివారం అన్నయ్యే తెస్తాడంట, ఎడమ చేత్తో పట్టుకుని.