కుమ్మరికి ముందు మట్టి ఇప్పించండి

సంపాదకులు గారికి,

మన కుమ్మర్లకి పెట్టిన డిజైను శిక్షణ శిబిరం గురించి పోయిన వారం మీ జిల్లా పేజీలో 'మట్టికి మహర్దశ' అని వేసిన వార్త చదివాను. కోపంలో రాయడం ఎందుకులే అని నాలుగు రోజులు ఊరుకున్నాను. కోపం తగ్గలేదు. మీరు వేసిన ఫొటోలో అధికారులున్నారు, నాయకులున్నారు, శాలువాలున్నాయి. కుండలు చేసే సారె (చక్రం) ముందు కూర్చున్న కుమ్మరాయన మోచెయ్యి మాత్రం ఓ మూల కనిపించింది.

ఆ శిబిరానికి నేనూ వెళ్లానండి. బడిలో డ్రాయింగు చెప్పి రిటైరైనవాణ్ణి, 'డిజైను శిక్షణ' అంటే ఆశ పుట్టింది. తీరా చూస్తే అక్కడ నేర్పింది కాల్చిన కుండకి ఎనామిల్ పెయింటు పూసి అద్దం ముక్కలు అంటించడం. మంచినీళ్ల కుండకి కూడా అదే! కుండ గోడలోంచి చెమ్మ ఊరి, అది గాలికి ఆరుతుంటేనే లోపల నీళ్లు చల్లబడతాయి. రంగు పూసి ఆ సన్న రంధ్రాలు మూసేశాక దానికీ ప్లాస్టిక్ బిందెకీ తేడా ఏముంది? ఆ కుండల్నే బస్టాండు చలివేంద్రంలో పెట్టారు. ఎంత చల్లగా ఉన్నాయో తాగినవాళ్లనే అడగండి. అయినా మన కుమ్మర్లకి అలంకారం తెలీదా? సున్నం పూసి, పసుపు కుంకుమలు పెట్టి, తీగలూ పూలూ దిద్ది పెళ్లివారింటికి తెచ్చే అరివేణి కుండలు ఏ శిబిరంలో నేర్చుకున్నారు?

ఇక పనికొచ్చే డిజైను సంగతి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరం మురిసిపోయాం. ఆ రేకు తీసేది బోర్లించిన కుండ వీపు మీద కదండీ! కింద కొబ్బరాకు మంట. పలచటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ వీపు మీద ఒక్కసారి అలా పరిచి లాగితే పొర లేచి రావాలి. ఎక్కడ కాస్త గరుకున్నా, చిన్న సొట్టున్నా రేకు చిరుగుతుంది. మందం సమంగా లేకపోతే ఓ పక్క మాడి, ఓ పక్క పచ్చిగా ఉంటుంది. రోజూ మంట మీదుండే కుండ పగలకుండా మట్టిలో ఇసుక ఎంత కలపాలో, లోపల రాతిగుండు ఆనించి బయట చెక్కతో ఎంత పలచగా కొట్టాలో కుమ్మరి చేతులకే తెలుసు. శిబిరంలో రేకుల కుండ మాటే రాలేదు. ఆ కుండ చేసే ఇళ్లు ఎన్ని మిగిలాయో లెక్క తీసిన ఆఫీసరూ కనపడలేదు.

పక్కనే కడియం, కడియపులంక నర్సరీలున్నాయి. మొక్కలు లారీలకి లారీలు ఎక్కుతున్నాయి, నల్ల ప్లాస్టిక్ సంచుల్లో. మట్టి తొట్టిలో వేరుకి గాలి ఆడుతుందని రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. మన శిబిరంలో చేయించిన పూలతొట్లకి మాత్రం అడుగున నీరు పోయే చిల్లే లేదు! ఇదేమిటయ్యా అంటే, "షో పీస్ సార్" అన్నాడు శిక్షకుడు.

మట్టికళ మీద ఉపన్యాసాలయ్యాక టీ ఇచ్చారు, ప్లాస్టిక్ కప్పుల్లో. ఆ కప్పులకి 2022 జులై 1 నుంచి నిషేధం ఉంది. వేదిక మీది పెద్దలంతా చక్కగా అందులోనే తాగారు.

అసలు గొడవ మట్టి దగ్గరుంది. చేతివృత్తులవారి కోసం కేంద్రం 2023 సెప్టెంబరులో మొదలుపెట్టిన విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కుమ్మరం ఒకటి. పనిముట్లకి 15 వేలు, శిక్షణ రోజుల్లో రోజుకి 500. మంచిదే, కాదనను. కరెంటు సారె కొన్నాక దాని మీద పెట్టడానికి మట్టేదీ? చెరువు వేలం వేసి చేపలవాళ్లకిచ్చారు. గట్టు మన్ను రాత్రికి రాత్రి ట్రాక్టర్లెక్కి ఇటుక బట్టీలకి పోతుంటే ఎవరి కంటా పడదు. కుమ్మరి పట్టపగలు సైకిలు మీద రెండు గోనెల బంకమన్ను తెచ్చుకుంటే మాత్రం పర్మిషన్ ఏదని ఆపుతారు. పంచాయతీకి వెళితే రెవెన్యూ అంటారు, రెవెన్యూ వాళ్లు గనుల శాఖ అంటారు, అక్కడికెళితే ఇరిగేషన్‌ని అడగమంటారు. ఇదివరకు కరణం ఒక్కడే తిప్పేవాడు, ఇప్పుడు తిప్పడానికి నలుగురయ్యారు. గోదావరి ఒడ్డున ఉంటూ మా వీధి కుమ్మరాయన మట్టి డబ్బిచ్చి కొనుక్కుంటున్నాడు.

వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేశాక పూడికలు తీస్తారు కదా, ఆ రోజుల్లో ఊరి చెరువులోంచి కుమ్మరి వీధికి పది ట్రాక్టర్ల మన్ను తోలుకోవచ్చని ఒక్క కాగితం ఇస్తే చాలు. ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఎవరో మీ విలేకరి చేత కనుక్కుని అచ్చు వేయండి. ఆ ఆఫీసు చుట్టూ మేం తిరుగుతాం.

— ఒక రిటైర్డ్ డ్రాయింగు మాస్టారు,
ఆత్రేయపురం మండలం, కోనసీమ జిల్లా