కుడి చెయ్యి చూపించు

హనుమకొండ,
ఆదివారం

చిరంజీవి సతీశ్‌కు అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. డబ్బు ముట్టింది. డబ్బయితే వచ్చింది గానీ 12 రోజులుగా నీ మాట లేదు. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. అందుకే రాస్తున్నాను.

ఇంటికి సున్నం వేయించాము. 2020లో నాదస్వరం వాయించే షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు పద్మశ్రీ వచ్చినప్పటి పేపరు ముక్కను బాపు జాగ్రత్తగా ఊడదీసి, గోడ ఆరాక మళ్లీ అక్కడే అంటించారు. మల్లిక కూతురి అన్నప్రాసన బాగా జరిగింది. అక్కడే సరళ చిన్నమ్మ నోరు జారింది. నువ్వు ఒకే రోజు పొద్దున వేములవాడ, మధ్యాహ్నం కరీంనగర్, రాత్రి జగిత్యాల పెళ్లి వాయించి, బండి మీద వస్తూ పడ్డావట. మర్నాడు కుడి చేతికి కట్టుతోనే డోలు ఎత్తావట. బాపుకు నేను చెప్పలేదు. నిజం కాకపోతే మంచిదే.

ఎండలు ముదిరాయి. నోట్లో పెట్టి ఊదే సన్నాయి పీకలు తడి నిలవడం లేదని బాపు విసుక్కుంటున్నారు.

మూఢం వెళ్లగానే ముహూర్తాలన్నీ ఒక్కసారే మీద పడతాయి. అప్పుడు కాదంటే ఆషాఢంలో ఖాళీగా కూర్చోవాలి. 30 ఏళ్లుగా ఈ ఇంట్లో చూస్తున్నదే. అయినా ఒక సంగతి చెబుతాను. అప్పుడు నువ్వు నా ఒళ్లో పిల్లవాడివి. ఆ వైశాఖంలో బాపు ఒకే రోజుకు మూడు పెళ్లిళ్లు ఒప్పుకున్నారు. శ్రుతి వేసే అబ్బాయి రాకపోతే, నిన్ను ఒళ్లో వేసుకుని నేనే శ్రుతి పెట్టె ముందు కూర్చున్నాను. తెల్లవారుజామున మడికొండ. అప్పగింతలు అయ్యీ కాకముందే ఏమీ తినకుండా బస్సెక్కి పరకాల చేరేసరికి ఎదుర్కోలు మొదలైంది. ఎండలో నిలబడి గంటసేపు ఊదారు. హంసధ్వని ఎత్తుకున్నప్పుడే ఊపిరి చాలడం లేదని నాకు తెలిసిపోయింది. మండపంలో కూర్చున్నాక సన్నాయి ఒళ్లో పెట్టుకుని, తెరిచిన కళ్లు తెరిచినట్టే నిద్రపోయారు. పంతులుగారు చెయ్యెత్తారు. కొమురయ్య చిన్నాయన డోలు పుల్ల పైకెత్తి, సన్నాయి అందుకుంటుందని బాపు వంక చూస్తున్నాడు. నేను మోచేత్తో పొడిచాను. ఉలిక్కిపడి ఊదితే ఎండిన పీకలోంచి గాలి తప్ప నాదం రాలేదు. సరిగ్గా అప్పుడే జనంలో ఎవరో గట్టిగా తుమ్మారు. గట్టిమేళం ఉన్నదే ఆ తుమ్ము వినపడకుండా కదా! పెళ్లికూతురి నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. సొమ్ము పూర్తిగా ఇచ్చారు. బాపు సగం తిరిగి చేతిలో పెట్టి వచ్చేశారు. రాత్రి పెళ్లికి వేరే మేళాన్ని పంపించాము. ఇంటికొచ్చి అంగీ విప్పితే కాలరులోంచి తలంబ్రాల గింజలు రాలాయి. దీపం ముందు కూర్చుని ఒక్కొక్కటే ఏరారు. ఆ తర్వాత ఎన్నడూ మూడో పెళ్లి ఒప్పుకోలేదు.

నీకు బోధలు చేయకూడదనే అనుకున్నాను. కానీ రోజుకు రెండే ఒప్పుకో, మూడోది అడిగితే మన రాజన్న మేళానికి చెప్పు. మేళం వాళ్లకు చివరి బంతిలో గానీ అన్నం దొరకదు, కాబట్టి పెరుగన్నం డబ్బా వెంట ఉంచుకో. రాత్రి దారి నమ్మకు, పెళ్లివారి ఇంటనే పడుకుని తెల్లవారాక కదులు. పచ్చి పుండు మీద వేళ్ల తొడుగులు బిగిస్తే చీము పడుతుంది. డోలుకు తోలు మార్పించుకోవచ్చు, వేళ్లకు ఎవరు మారుస్తారు? పడ్డావా లేదా, అది ముందు చెప్పు.

ఈ ఉత్తరం అందగానే కుడి చెయ్యి ఫొటో తీసి మల్లిక ఫోనుకు పంపు. అరచేయి వైపూ, వెనక వైపూ. కట్టు ఉంటే విప్పి తియ్యి.

మీ అమ్మ