క్రౌన్ ఈథర్ మధ్య రంధ్రం అన్ని వేళలా ఉండాలని లేదు

సంపాదకుల వారికి,

కార్బన్ వలయంలో అక్కడక్కడా ఆక్సిజన్లు పొదిగి ఉండే క్రౌన్ ఈథర్ అణువుల గురించి మీ విజ్ఞాన పుటలో వచ్చిన వ్యాసం డిగ్రీ విద్యార్థులకు ఎంతో పనికొచ్చేదే. అయితే వలయం మధ్య ఒక గుండ్రటి రంధ్రం ఉంటుందనీ, దాని కొలతకు సరిపోయిన లోహ అయాన్ (విద్యుదావేశం ఉన్న లోహ పరమాణువు) తాళంలో తాళంచెవిలా కూర్చుంటుందనీ చెప్పి అక్కడితో ఆపేయడం సబబుగా లేదు. ముఖ్యంగా నైట్రోజన్ ఉన్న క్రౌన్ ఈథర్ల స్ఫటిక నిర్మాణాలు ఈ వర్ణనకు లొంగవు.

డ్యూపాంట్ రసాయనవేత్త చార్లెస్ పెడర్సన్ 1967లో ఈ సమ్మేళనాలను ప్రకటించిన నాటి నుంచీ పాఠ్యపుస్తకాలు 18-క్రౌన్-6ను (18 పరమాణువుల వలయం, వాటిలో 6 ఆక్సిజన్లు) విప్పారిన వలయంగానే గీస్తున్నాయి. పొటాషియం అయాన్ లోపల ఉన్నంతసేపూ ఆ బొమ్మ నిజమే. ఆరు ఆక్సిజన్లూ సుమారు 2.8 ఆంగ్‌స్ట్రాంల దూరంలో (ఒక ఆంగ్‌స్ట్రాం అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) దాని చుట్టూ ఉంటాయి. లోహం లేని స్ఫటికంలో మాత్రం వలయం కోలగా నొక్కుకుపోతుంది, రెండు మిథిలీన్ (CH₂) సమూహాలు లోపలికి తిరిగి ఆ ఖాళీని నింపేస్తాయి. ఎదురెదురుగా ఉన్న రెండు ఆక్సిజన్ల స్థానంలో నైట్రోజన్లు ఉండే డైఅజా-18-క్రౌన్-6లో కథ ఇంకా ఆసక్తికరం. లోహం లేనప్పుడు నైట్రోజన్‌పై ఉన్న హైడ్రోజన్ వలయం లోపలికి చూస్తుంది; లోహం చేరాక అది బయటికి తొలగి, నైట్రోజన్ ఒంటరి ఎలక్ట్రాన్ జంట (బంధంలో లేని, లోహాన్ని పట్టుకోగల జంట) లోహం వైపు తిరుగుతుంది. అంటే లోహం కోసం ముందే సిద్ధంగా ఉన్న గది ఏదీ లేదు, లోహం వచ్చాకే అణువు తన విన్యాసాన్ని మార్చుకుంటుంది.

పోనీ, రంధ్రం కొలతే అంతా తేలుస్తుందా అంటే అదీ కాదు. ఆ రెండు నైట్రోజన్లు చేరినంత మాత్రాన వలయం పరిమాణం పెద్దగా మారదు. అయినా మిథనాల్‌లో పొటాషియంను వలయం ఎంత గట్టిగా పట్టి ఉంచుతుందో చెప్పే స్థిరత్వ స్థిరాంకం సుమారు పదివేల రెట్లు పడిపోతుంది. నీటిలో వెండి అయాన్ విషయంలో అదే స్థిరాంకం పది లక్షల రెట్లకు పైగా పెరుగుతుంది. వెండికి ఆక్సిజన్ కంటే నైట్రోజన్ అంటేనే మక్కువ మరి! ఈ ఒక్క జత అంకెలు వ్యాసంలో ఉండి ఉంటే తాళంచెవి పోలిక దానంతటదే సడలిపోయేది.

ఇది పరిశోధకులకు మాత్రమే పట్టే సంగతీ కాదు. ఎం.ఆర్.ఐ. స్కాన్‌కు ముందు ఇచ్చే కొన్ని గాడోలినియం ఇంజెక్షన్లలో ఆ లోహాన్ని బంధించేది నాలుగు నైట్రోజన్ల వలయానికి ఆక్సిజన్లున్న నాలుగు కార్బాక్సిలేట్ చేతులు తగిలించిన డోటా అనే అణువు. నాలుగు నైట్రోజన్లు, నాలుగు ఆక్సిజన్లు గాడోలినియంను చుట్టుముట్టగా తొమ్మిదో స్థానంలో ఒక నీటి అణువు చేరుతుంది. స్కాన్‌లో కాంతిభేదం (కాంట్రాస్ట్) కలగడానికి ఆ నీటి అణువే కీలకం. వలయం లేని, గొలుసు రూపంలోని అణువులతో గాడోలినియంను బంధించిన ఇంజెక్షన్లను వాడినప్పుడు మెదడులో గాడోలినియం నిలిచిపోతోందని తేలడంతో వాటిలో కొన్నింటి వాడకాన్ని యూరోపియన్ మందుల సంస్థ 2017లో నిలిపివేయమంది.

తదుపరి వ్యాసంలో లోహం ఉన్న, లేని స్ఫటికాల బొమ్మలను పక్కపక్కనే వేయాలని కోరుతున్నాను. కేంబ్రిడ్జ్ స్ఫటిక సమాచార కేంద్రం వెబ్‌సైటులో ఇలాంటి నిర్మాణాలను ఒక్కొక్కటిగా ఉచితంగా తెరిచి, తిప్పి చూసుకోవచ్చు. ఆ సంగతి కూడా రాస్తే మన కళాశాలల అధ్యాపకులకు మేలు చేసినవారవుతారు.

– విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు, హనుమకొండ